నానో కణాలు కలిపిన మెంబ్రేన్‌లో ఫౌలింగ్ నిజంగా తగ్గిందా? తయారీ నుంచి పరీక్ష దాకా ఎలా చేయాలి

"మెంబ్రేన్‌లో నానో కణాలు కలిపాను, ఫ్లక్స్ పెరిగింది, అంటే ఫౌలింగ్ తగ్గినట్టే కదా?" ప్రాజెక్టు మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ ఇదే అడుగుతున్నారు. కాదు. ఫ్లక్స్ అంటే వడగట్టే పొర (మెంబ్రేన్) గుండా ఇంత వైశాల్యంలో, ఇంత సమయంలో దిగే నీళ్లు, ఫౌలింగ్ అంటే ఆ పొర మురికితో మూసుకుపోవడం. ఫ్లక్స్ పెరగడం వేరు, ఫౌలింగ్ తగ్గడం వేరు. రంధ్రాలు కాస్త పెద్దవైనా ఫ్లక్స్ పెరుగుతుంది, ఆ రోజు నీళ్లు నాలుగు డిగ్రీలు వెచ్చగా ఉన్నా పెరుగుతుంది. అందుకే ఈసారి మొత్తం పని వరసగా రాస్తున్నాను. మెంబ్రేన్ తయారీ కంటే దాన్ని పరీక్షించే భాగం మీద ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే పొరపాట్లన్నీ అక్కడే జరుగుతున్నాయి.

థియరీ అవసరమైనంతే. నీళ్లలోని సన్నటి రేణువులు, ప్రొటీన్లు, హ్యూమిక్ ఆమ్లం, బ్యాక్టీరియా, లవణాలు పొర మీద పేరుకుపోయి గానీ రంధ్రాల్లో ఇరుక్కుని గానీ నీళ్లు దిగకుండా చేయడమే ఫౌలింగ్. ఇందులో కొంత మామూలు నీళ్లతో కడిగితే పోతుంది, కొంత పోదు. ఆ పోని భాగమే మనకు అసలు శత్రువు. టైటానియం డయాక్సైడ్, సిలికా లాంటి కణాల ఉపరితలం మీద హైడ్రాక్సిల్ గ్రూపులు (ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు) ఉంటాయి, అవి నీటిని దగ్గరగా పట్టుకుంటాయి, ఆ నీటి పొరను తోసుకుని ప్రొటీన్ వచ్చి అతుక్కోవడం కష్టమవుతుంది. వెండి కణాలు వేరే దారిలో పనిచేస్తాయి, బ్యాక్టీరియాను చంపుతాయి. కాబట్టి మీ సమస్య ప్రొటీన్ అయితే వెండి, మీ సమస్య బయోఫిల్మ్ (బ్యాక్టీరియా కట్టే జిగురు పొర) అయితే ఒట్టి సిలికా ఎంచుకోవడంలో పెద్దగా అర్థం లేదు. ఇంకో మాట, ఇదే నానో కణాలు పొరలో కాకుండా ఫీడ్ నీళ్లలో (వడపోతకు వచ్చే నీళ్లలో) ఉంటే అవే ఫౌలింగ్ చేస్తాయి, పైగా రంధ్రం సైజుకు దగ్గరగా ఉంటే చాలా మొండిగా ఇరుక్కుంటాయి. మంచివా చెడ్డవా అన్నది అవి ఎక్కడ ఉన్నాయన్నదాన్ని బట్టే.

ఇక్కడ ఉదాహరణగా పాలీఈథర్‌సల్ఫోన్ (ఇకపై పీఈఎస్) అనే పాలిమర్‌తో చేసిన అల్ట్రాఫిల్ట్రేషన్ మెంబ్రేన్ (ప్రొటీన్ లాంటి పెద్ద అణువులను ఆపేది), అందులో టైటానియం డయాక్సైడ్ తీసుకుంటున్నాను. మీ పాలిమర్ పాలీసల్ఫోన్ అయినా, పీవీడీఎఫ్ అయినా పద్ధతి దాదాపు ఇదే, పాళ్లు మాత్రం కాస్త మారతాయి.

కావాల్సినవి

- పీఈఎస్ గుళికలు, పీవీపీ పొడి (రంధ్రాలు ఏర్పడటానికి కలిపే, నీటిలో కరిగే పాలిమర్), ఎన్ఎంపీ ద్రావకం (లేదా డీఎంఏసీ)
- టైటానియం డయాక్సైడ్ నానో పొడి, ప్రాథమిక కణం 20 నుంచి 25 నానోమీటర్లు ఉన్నది
- సోనికేటర్ (శబ్ద తరంగాలతో ఉండలు విడగొట్టే యంత్రం, ప్రోబ్ రకం మేలు), మాగ్నెటిక్ స్టిర్రర్, గీత లేని గ్లాస్ ప్లేట్, కాస్టింగ్ నైఫ్ (ద్రావణాన్ని గ్లాస్ మీద ఒకే మందంలో పరిచే పరికరం)
- కలియబెట్టే ఏర్పాటున్న డెడ్-ఎండ్ ఫిల్ట్రేషన్ సెల్ (నీళ్లు పొర గుండా తప్ప వేరే దారిలో పోని పాత్ర), నైట్రోజన్ సిలిండర్, ఖచ్చితంగా చూపించే రెగ్యులేటర్
- ఎలక్ట్రానిక్ త్రాసు, థర్మామీటర్, స్టాప్‌వాచ్
- బీఎస్‌ఏ ప్రొటీన్ (ఆవు రక్తం నుంచి తీసే అల్బుమిన్), పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్, శుద్ధి చేసిన నీళ్లు
- యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్ (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో, అంటే అబ్జార్బెన్స్‌ను, కొలిచేది)

ముందే ఒక హెచ్చరిక. ఎన్ఎంపీ, డీఎంఏసీ, డీఎంఎఫ్ మూడూ గర్భస్థ శిశువుకు హాని చేసే ద్రావకాలు, చర్మం గుండా కూడా లోపలికి వెళ్తాయి. పల్చటి నైట్రైల్ గ్లవ్స్‌ను ఇవి తొందరగానే దాటేస్తాయి, బ్యూటైల్ రబ్బరు గ్లవ్స్ వాడండి, అవి దొరక్కపోతే చుక్క పడ్డ వెంటనే గ్లవ్స్ మార్చేయండి. నానో పొడిని ఎప్పుడూ ఫ్యూమ్ హుడ్ లోపలే, మాస్క్ పెట్టుకుని తూచండి. టైటానియం డయాక్సైడ్ టూత్‌పేస్టులో కూడా ఉంటుంది కదా అని తేలిగ్గా తీసుకోకండి, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2బి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో పెట్టింది, ఆ ఆందోళన ముఖ్యంగా ధూళిని పీల్చడం గురించే.

1. ముందు సిరీస్ నిర్ణయించుకోండి

ఒక్క మెంబ్రేన్ చేసి "బాగుంది" అనడానికి లేదు. కనీసం నాలుగు కావాలి: పాలిమర్ బరువులో 0, 0.5, 1, 2 శాతం నానో కణాలు. 100 గ్రాముల ద్రావణానికి 16 గ్రాముల పీఈఎస్, 1 గ్రాము పీవీపీ పెట్టుకుంటే నానో పొడి వరసగా 0, 0.08, 0.16, 0.32 గ్రాములు, మిగతాది ఎన్ఎంపీ. ఈ "శాతం" పాలిమర్‌లోనా, మొత్తం ద్రావణంలోనా అన్నది నోట్‌బుక్‌లో స్పష్టంగా రాసుకోండి. ఇది రాయకపోవడం వల్ల ఒకరి ఫలితాలు ఇంకొకరి ఫలితాలతో పోల్చలేని పరిస్థితి వస్తుంది, 1 శాతం పాలిమర్‌లో అంటే ఇక్కడ 0.16 గ్రాములు, మొత్తంలో అంటే 1 గ్రాము, ఆరు రెట్ల తేడా.

సున్నా శాతం మెంబ్రేన్‌ను వేరే రోజు, వేరే బ్యాచ్ పాలిమర్‌తో చేయొద్దు. అదే వారంలో, అదే చేత్తో చేయండి.

2. ముందు కణాలు, తర్వాత పాలిమర్

పాలిమర్ కరిగి చిక్కబడ్డాక అందులో పొడి వేసి తిప్పితే ఉండలు విడిపోవు, ఎంతసేపు తిప్పినా అంతే. అందుకే ఉత్త ఎన్ఎంపీలో పొడి వేసి, బీకర్‌ను ఐస్ నీళ్లలో పెట్టి, ప్రోబ్ సోనికేటర్‌తో 30 నిమిషాలు చేయండి, ఐదేసి నిమిషాలకు ఒకసారి ఆపి చల్లారనివ్వండి. బాత్ సోనికేటర్ మాత్రమే ఉంటే రెండు గంటల దాకా పట్టొచ్చు, ఫలితం కూడా కాస్త తక్కువగానే ఉంటుంది.

సోనికేషన్ అయిన వెంటనే పీవీపీ వేసి, అది కరిగాక పీఈఎస్‌ను కొంచెం కొంచెంగా వేస్తూ 60 డిగ్రీల దగ్గర రాత్రంతా నెమ్మదిగా తిప్పండి. పీఈఎస్‌ను ముందు రోజే ఓవెన్‌లో ఆరబెట్టి ఉంచుకోండి, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

చెక్ చేయడం: ఒక చుక్క తీసి రెండు గ్లాస్ స్లైడ్ల మధ్య నొక్కి మైక్రోస్కోప్ కింద చూడండి. చుక్కలు విడివిడిగా కనబడుతున్నాయంటే ఉండలు ఉన్నట్టే. ఆ ద్రావణంతో కాస్టింగ్ చేసి రోజు వృథా చేసుకోకండి, మళ్లీ మొదలుపెట్టండి. ప్రతి ఉండా రేపు పొరలో ఒక బలహీనమైన చోటు అవుతుంది, చాలాసార్లు పిన్‌హోల్ (సూదిమొనంత చిల్లు) కూడా అక్కడే వస్తుంది.

తర్వాత బుడగలు పోయేదాకా కదపకుండా ఉంచాలి. కానీ మరీ రోజుల తరబడి ఉంచితే కణాలు అడుగుకు చేరతాయి. కొన్ని గంటలు చాలు, తొందరగా కావాలంటే తక్కువ వ్యాక్యూమ్ పెట్టండి.

3. కాస్టింగ్

నైఫ్ ఖాళీని 150 లేదా 200 మైక్రాన్లకు పెట్టి, గ్లాస్ మీద ఒకే వేగంతో, ఆగకుండా లాగండి. గాలిలో 10 నుంచి 30 సెకన్ల మధ్య ఏదో ఒక సమయం ఎంచుకుని, ఇక అన్ని షీట్లకూ అదే పాటించండి, తర్వాత గ్లాస్‌ను నీటి తొట్టెలో ఒకే ఊపున ముంచండి. పొర తెల్లబడి దానంతట అదే గ్లాస్ నుంచి ఊడి వస్తుంది.

గది తేమ, నీటి ఉష్ణోగ్రత, గాలిలో ఉంచిన సమయం ఈ మూడూ రంధ్రాల నిర్మాణాన్ని మార్చేస్తాయి. తేమ మరీ ఎక్కువ ఉన్న రోజున గాలిలో ఉండగానే పైపొర తెల్లబడటం మొదలవుతుంది, ఆ షీట్‌ను పక్కన పెట్టేయండి. మూడింటినీ ప్రతి షీట్‌కూ రాసుకోండి. తొట్టె నీళ్లు రెండు మూడు షీట్లకోసారి మార్చండి, ఎన్ఎంపీ పేరుకున్న నీళ్లలో వచ్చే పొర వేరేలా ఉంటుంది.

ఒక రోజంతా నీళ్లు మారుస్తూ నానబెట్టండి. పొరను మాత్రం ఆరనివ్వొద్దు! ఆరితే రంధ్రాలు ముడుచుకుపోతాయి, మళ్లీ తడిపినా పూర్తిగా తెరుచుకోవు. నా మొదటి సిరీస్‌లో రెండు షీట్లు ఇలా ఆరిపోతే, వాటి ఫ్లక్స్ పడిపోవడానికి కారణం నానో కణాలే అనుకుని రెండు వారాలు తప్పుదారిలో వెతికాను. ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కోసం ఆరబెట్టాల్సి వస్తే ముందు ఇథనాల్‌లో, తర్వాత హెక్సేన్‌లో నానబెట్టి ఆరనివ్వండి, లేదా ఫ్రీజ్ డ్రై చేయండి.

4. తొలి నీటి ఫ్లక్స్

పొరను సెల్‌లో బిగించి ముందు 2 బార్ దగ్గర అరగంట నుంచి గంట దాకా శుద్ధ నీళ్లు పంపండి, ప్రెషర్‌కు పొర అణిగి స్థిరపడాలి. తర్వాత 1 బార్‌కు తగ్గించి, పది నిమిషాల తేడాతో తీసిన రెండు రీడింగులు 5 శాతం లోపు కలిసేదాకా ఆగండి. అణగడం పూర్తి కాకముందే ప్రొటీన్ పోస్తే, అణగడం వల్ల తగ్గినదంతా ఫౌలింగ్ లెక్కలోకి వచ్చేస్తుంది.

లెక్క చాలా తేలిక: దిగిన లీటర్లను పొర వైశాల్యం (చదరపు మీటర్లలో), సమయం (గంటల్లో) రెండింటితో భాగించండి. వచ్చేదే ఎల్ఎంహెచ్. 14 చదరపు సెంటీమీటర్ల పొర నుంచి 3 నిమిషాల్లో 7 మి.లీ. వస్తే సరిగ్గా 100 ఎల్ఎంహెచ్.

ఇక్కడ రెండు తప్పులు పదేపదే చూస్తున్నాను. మొదటిది వైశాల్యం. 47 మి.మీ. బిళ్ల మొత్తం వైశాల్యం 17.3 చదరపు సెం.మీ., కానీ ఓ-రింగ్ లోపల తెరిచి ఉండేది 42 మి.మీ. అయితే అసలు పనిచేసేది 13.9 మాత్రమే. బిళ్ల కొలత వేస్తే ఫ్లక్స్ 20 శాతం తక్కువ వస్తుంది. రెండోది ఉష్ణోగ్రత. నీటి చిక్కదనం 20 డిగ్రీల దగ్గర 1.00, 25 దగ్గర 0.89, 30 దగ్గర 0.80 మిల్లీపాస్కల్-సెకను. అంటే 20 నుంచి 30కి వెళ్తే పొర ఏమీ మారకుండానే ఫ్లక్స్ 25 శాతం పెరుగుతుంది! ప్రతి రీడింగ్ పక్కన ఉష్ణోగ్రత రాసి, ఆ ఉష్ణోగ్రత దగ్గరి చిక్కదనాన్ని 0.89తో భాగించి, దానితో ఫ్లక్స్‌ను గుణించండి. అన్నీ 25 డిగ్రీలకు సమానం అవుతాయి.

5. ఫౌలింగ్ చేయించడం

లీటరు బఫర్‌కు 1 గ్రాము బీఎస్‌ఏ. గట్టిగా తిప్పితే నురగ వచ్చి ప్రొటీన్ పాడై గుంపులు కడుతుంది, పైన చల్లి దానంతట అది నానేలా వదిలేయండి. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడండి. వాడే ముందు 0.45 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపి, 280 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ చూడండి, 1 సెం.మీ. క్యూవెట్‌లో సుమారు 0.66 రావాలి. చాలా తక్కువ వస్తే ప్రొటీన్ సరిగా కరగలేదు, లేదా ఫిల్టర్ మీదే ఆగిపోయింది.

సెల్ ఖాళీ చేసి ఈ ద్రావణం పోసి, అదే ప్రెషర్, అదే తిప్పే వేగంతో గంట నడపండి. ఐదు నిమిషాలకోసారి బరువు రాయండి. డెడ్-ఎండ్ సెల్‌లో నీళ్లు దిగేకొద్దీ పైన ప్రొటీన్ చిక్కబడుతుంది, అందుకని పోసినదాంట్లో సగానికి మించి దిగకుండా ఆపండి.

ప్రత్యామ్నాయంగా హ్యూమిక్ ఆమ్లం వాడేవాళ్లు దాన్ని కాస్త సోడియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా కరిగించి, వడగట్టి, పీహెచ్ సరిచేసుకుని 254 నానోమీటర్ల దగ్గర కొలవండి. సహజ జలాల్లోలా కాల్షియం కూడా కలపాలనుకుంటే మంచిదే, కాల్షియం హ్యూమిక్ అణువుల మధ్య వంతెనలా పనిచేసి ఫౌలింగ్‌ను బాగా పెంచుతుంది. కాని ఫాస్ఫేట్ బఫర్‌లో మాత్రం కాల్షియం వేయకండి, కాల్షియం ఫాస్ఫేట్ అవక్షేపం వచ్చి మీరు కొలుస్తున్నది ఏ ఫౌలింగో మీకే తెలియకుండా పోతుంది.

6. కడగడం, మళ్లీ కొలవడం

ద్రావణం తీసేసి, సెల్‌లో శుద్ధ నీళ్లు పోసి, ప్రెషర్ లేకుండా 20 నిమిషాలు తిప్పండి, ఒకసారి నీళ్లు మార్చండి. మళ్లీ 1 బార్ దగ్గర నీటి ఫ్లక్స్ కొలవండి. పొరను చేత్తో రుద్దొద్దు, స్పాంజి పెట్టొద్దు, అన్ని పొరలకూ ఒకే వేగం, ఒకే సమయం. మొత్తం పరీక్షలో ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఈ అడుగే, ఒక పొరను పది నిమిషాలు, ఇంకోదాన్ని అరగంట కడిగి రెంటినీ పక్కపక్కన పెట్టేస్తారు.

7. లెక్క

ఒక నమూనా చూద్దాం, ఈ అంకెలు లెక్క చూపించడానికి నేను పెట్టుకున్నవి. తొలి ఫ్లక్స్ 100, ప్రొటీన్‌తో గంట తర్వాత 40, కడిగాక 75.

ఫ్లక్స్ రికవరీ: 75/100, అంటే 75 శాతం.
మొత్తం ఫౌలింగ్: (100 − 40)/100, అంటే 60 శాతం.
కడిగితే పోయేది: (75 − 40)/100, అంటే 35 శాతం.
కడిగినా పోనిది: (100 − 75)/100, అంటే 25 శాతం.

చివరి రెండూ కలిపితే మొత్తం రావాలి, 35 + 25 = 60, రాకపోతే ఎక్కడో తప్పు. ఇప్పుడు నానో కణాల పొర చూడండి: తొలి ఫ్లక్స్ 160, ప్రొటీన్‌తో 68, కడిగాక 144. రికవరీ 90 శాతం, మొత్తం ఫౌలింగ్ 57.5, పోనిది 10. మొత్తం ఫౌలింగ్ దాదాపు అలాగే ఉంది, పోని భాగం మాత్రం 25 నుంచి 10కి దిగింది. నానో కణాలు చేయగల మేలు చాలావరకు ఈ రూపంలోనే కనబడుతుంది, మురికి రాకుండా ఆపడం కంటే వచ్చింది తేలిగ్గా వదిలేలా చేయడం.

8. పోలిక న్యాయంగా ఉందా

ఇక్కడ కాసేపు ఆగండి. 1 బార్ దగ్గర ఒక పొరకు 100, ఇంకోదానికి 160 ఎల్ఎంహెచ్ వస్తున్నాయంటే రెండోదాని మీదికి గంటలో ఎక్కువ ప్రొటీన్ ఈడ్చుకొచ్చినట్టు. ఎక్కువ ఫ్లక్స్ ఉన్నచోట ఫౌలింగ్ వేగంగా వస్తుంది, ఒక హద్దు కంటే తక్కువ ఫ్లక్స్‌లో చాలా నెమ్మదిగా వస్తుంది, ఆ హద్దునే క్రిటికల్ ఫ్లక్స్ అంటారు. అందుకని ఒకే ప్రెషర్ దగ్గరి పోలికతో సరిపెట్టకండి, ఒకే తొలి ఫ్లక్స్ దగ్గర కూడా పోల్చండి. పై ఉదాహరణలో మామూలు పొరను 1.6 బార్ దగ్గర నడిపితే అదీ 160కి దగ్గరగా వస్తుంది (ముందు అంతకంటే ఎక్కువ ప్రెషర్ దగ్గర అణచి ఉంచాలి). ఇది కుదరకపోతే గ్రాఫ్‌ను సమయంతో కాకుండా చదరపు మీటరుకు దిగిన మొత్తం లీటర్లతో గీయండి, తేడా చాలావరకు బయటపడుతుంది.

వేర్వేరు షీట్ల నుంచి మూడేసి ముక్కలు పరీక్షించండి. ఒకే షీట్ నుంచి కోసిన మూడు ముక్కలు మూడు పునరావృతాలు కావు.

9. వడపోత చెడిపోలేదని చూపించండి

పెర్మియేట్‌ను (పొర దాటి దిగిన నీళ్లను) 280 నానోమీటర్ల దగ్గర కొలిచి ఎంత ప్రొటీన్ ఆగిందో లెక్కపెట్టండి. నానో కణాలు వేశాక ఆగే శాతం 95 నుంచి 75కి పడిపోయి ఫ్లక్స్ పెరిగిందంటే రంధ్రాలు పెద్దవయ్యాయి లేదా పిన్‌హోల్ పడింది, అంతే. 95 శాతం ఆగితే పెర్మియేట్ అబ్జార్బెన్స్ 0.03 దగ్గర ఉంటుంది, అంత చిన్న అంకెను నమ్మాలంటే బ్లాంక్‌గా (మీటరును సున్నా చేసే ద్రావణంగా) నీళ్లు కాకుండా అదే బఫర్‌ను పెట్టాలి.

కాంటాక్ట్ యాంగిల్ (పొర మీద నీటి చుక్క చేసే కోణం, తక్కువైతే నీటిని ఎక్కువ ఇష్టపడుతున్నట్టు) తగ్గిందని ఒక్క ఫోటో పెట్టి ఫౌలింగ్ తగ్గిందనడం కూడా చాలదు. గరుకుదనం కూడా ఆ కోణాన్ని మారుస్తుంది. కనీసం ఐదు చోట్ల కొలిచి, దాన్ని సహాయక ఆధారంగా మాత్రమే చూపించండి.

10. కణాలు పొరలోనే ఉన్నాయా

నీళ్లు శుద్ధి చేయాల్సిన పొర ఆ నీళ్లలోకే నానో కణాలు వదిలితే మనం చేసిందంతా దేనికి? ఈ అడుగు వదిలేయకండి, దయచేసి.

పొర గుండా నీళ్లు పంపుతూ 1, 6, 24 గంటల దగ్గర నమూనాలు తీసి ఐసీపీ పరీక్షకు (నీళ్లలోని లోహాలను కొలిచేది) పంపండి. చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది: టైటానియం డయాక్సైడ్ ఒట్టి నైట్రిక్ ఆమ్లంలో కరగదు. నమూనాలో రెండు చుక్కలు నైట్రిక్ వేసి పంపితే "టైటానియం లేదు" అని వస్తుంది, మీరు సంతోషపడతారు, కణాలు మాత్రం సీసా అడుగున ఉంటాయి. వేడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో గానీ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గానీ డైజెషన్ (కణాలను పూర్తిగా కరిగించడం) చేయించాలి. హైడ్రోఫ్లోరిక్ ఎముకల దాకా చొచ్చుకుపోయే ప్రమాదకరమైన ఆమ్లం, శిక్షణ ఉన్నవాళ్లతోనే చేయించండి. వెండి అయితే నైట్రిక్ సరిపోతుంది, కానీ హైడ్రోక్లోరిక్ తగలనివ్వకండి, వెండి క్లోరైడ్‌గా గడ్డకడుతుంది. జింక్ ఆక్సైడ్ ఆమ్లంలో తేలిగ్గా కరుగుతుంది, అంటే మీ పొరను సిట్రిక్ ఆమ్లంతో కడిగినా కరిగిపోతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

ఇంకో దారి టీజీఏ, అంటే వేడి చేస్తూ బరువు ఎంత తగ్గుతుందో చూసే పరీక్ష. పొర ముక్కను గాలిలో 800 డిగ్రీల దాకా వేడి చేస్తే పాలిమర్ కాలిపోయి టైటానియం డయాక్సైడ్ మిగులుతుంది. వేసింది 1 శాతం అయితే మిగిలేది కూడా 1 శాతం దరిదాపుల్లో ఉండాలి. నైట్రోజన్‌లో చేయొద్దు, పీఈఎస్ బొగ్గుగా మిగిలిపోయి లెక్క పాడవుతుంది.

ఫలితం తేడాగా వస్తే

0.5, 1 దగ్గర బాగుండి 2 శాతం దగ్గర దిగజారితే భయపడకండి, అది మామూలే, కణాలు ఎక్కువై గుంపులు కట్టాయి. అన్ని శాతాల్లోనూ ఏ తేడా లేకపోతే కణాలు పొర లోపల పాలిమర్ కింద పూడుకుపోయి ఉండొచ్చు, పైకి రానిది నీటితో ఎలా పనిచేస్తుంది? ఈడీఎక్స్ మ్యాపింగ్‌తో (ఏ మూలకం ఎక్కడుందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూపేది) పైపొరను చూడండి. అప్పటికీ లేకపోతే కలపడం మానేసి, తయారైన పొర మీద పూతగా వేసే పద్ధతికి మారండి, అందులో తక్కువ కణాలతోనే పని జరుగుతుంది, కాని ఊడిపోయే భయం ఎక్కువ, కాబట్టి పదో అడుగు ఇంకా కచ్చితంగా చేయాలి. ఒక ముక్కకు 92, ఇంకో ముక్కకు 60 రికవరీ వస్తుంటే ముందు ఓ-రింగ్ చూడండి, తర్వాత సోనికేషన్.

యూవీ వేసి టైటానియం డయాక్సైడ్‌తో పొర తనను తాను శుభ్రం చేసుకునేలా చేయాలని కొందరు అడుగుతున్నారు. పనిచేస్తుంది, కానీ ఆ కాంతి, ఆ రాడికల్స్ మురికితో పాటు పీఈఎస్‌ను కూడా తినేస్తాయి. ఆ పనికి పీవీడీఎఫ్ మెరుగు. అదే పీవీడీఎఫ్‌ను గాఢ సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగితే గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. ఆర్ఓ పొరల్లోని పాలీఅమైడ్‌కు క్లోరిన్ పడదు. కడిగే రసాయనం ఎంచుకునే ముందు పొర దేంతో చేసిందో చూసుకోండి.

మిగిలిపోయిన కాస్టింగ్ ద్రావణం, తొట్టెలోని మొదటి నీళ్లు సింక్‌లో పోయకండి. వాటిలో ఎన్ఎంపీ ఉంది, నానో కణాలూ ఉన్నాయి. పేరు, తేదీ రాసిన క్యాన్‌లో పోసి ద్రావకాల వ్యర్థాలతో పాటు పంపండి.